ఏ పనికి ఏ బోర్డు?

పెరట్లోని కూరగాయల మడిలో నేల తేమను అరగంటకోసారి కొలిచి, ఆ అంకెను వైఫై ద్వారా ఫోనుకు పంపే చిన్న పరికరం చేద్దామనుకుందాం. ఈఎస్‌పీ32 చిప్పు ఉన్న బోర్డు ఒకటి, 2500 మిల్లీ ఆంపియర్ అవర్ల లిథియం సెల్లు ఒకటి తెచ్చుకున్నాం. పరికరం అరగంటకోసారి మేలుకుంటుంది. 5 సెకన్లలో తేమ కొలిచి, కబురు పంపి, మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. మేలుకున్న సేపు సగటున 120 మిల్లీ ఆంపియర్లు వాడుతుందనుకుంటే, ఆ ఖర్చును 1800 సెకన్లకు పంచినప్పుడు వచ్చే సగటు 0.33 మిల్లీ ఆంపియరు. డీప్ స్లీప్‌లో ఈఎస్‌పీ32 చిప్పు తీసుకునేది 0.01 మిల్లీ ఆంపియరు మాత్రమే. రెండూ కలిపితే 0.34. కాగితం మీది లెక్క ప్రకారం ఆ సెల్లు 7,300 గంటలు, అంటే పది నెలలు రావాలి.

ఇప్పుడు అదే చిప్పు, అదే ప్రోగ్రామ్, అదే సెల్లు ఉంచి బోర్డు ఒక్కటి మారుద్దాం. మార్కెట్లో చవకగా దొరికే చాలా బోర్డుల మీద ఏఎంఎస్1117 అనే వోల్టేజి రెగ్యులేటర్ ఉంటుంది. చిప్పు నిద్రపోయినా అది నిద్రపోదు. తన నిర్వహణకే దాదాపు 5 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. సగటు 5.34కి చేరుతుంది. సెల్లు ఇరవై రోజులు కూడా రాదు.

పది నెలలకూ ఇరవై రోజులకూ మధ్య తేడా తెచ్చింది చిప్పు వేగమూ కాదు, మెమరీ కూడా కాదు. బోర్డు మీద ఓ మూలన ఉన్న, ఎవరూ పేరు అడగని రెగ్యులేటర్ అది. కాలేజీ ప్రాజెక్టుల కాలం రాగానే విద్యార్థులు మెగాహెర్ట్జ్‌లు, కిలోబైట్లు పోల్చి బోర్డు కొంటారు. అంకె పెద్దదైతే బోర్డు మంచిదన్న నమ్మకం వారిది. నా అభిప్రాయం వేరు. బోర్డు ఎంపిక చేయాల్సింది దాని శక్తిని చూసి కాదు, మన పనిలో ఎక్కడ రాజీ కుదరదో చూసి. ఒక పనిలో అది బ్యాటరీ, ఇంకో పనిలో సెన్సర్ వోల్టేజి, మరో పనిలో మైక్రోసెకన్ల కచ్చితత్వం. అది తెలిస్తే బోర్డు దానంతటదే తేలుతుంది.

బోర్డంటే ఒకరి నిర్ణయాల మూట

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటర్. ప్రాసెసర్, ప్రోగ్రామ్ దాచే ఫ్లాష్ మెమరీ, పని చేస్తున్నప్పుడు వాడుకునే ర్యామ్, బయటి ప్రపంచంతో మాట్లాడే పిన్నులు అన్నీ అందులోనే ఉంటాయి. వాషింగ్ మెషీన్‌లో, ఏసీ రిమోట్‌లో, బైక్ మీటర్‌లో ఉండేవి ఇవే. అయితే ఉత్త చిప్పును తెచ్చి బల్ల మీద పెడితే దానితో ఏమీ చేయలేం. దానికి సరైన వోల్టేజి అందాలి, ల్యాప్‌టాప్ నుంచి ప్రోగ్రామ్ ఎక్కించే దారి ఉండాలి, సన్నటి కాళ్లకు తీగలు తగిలించే వీలుండాలి. ఈ ఏర్పాట్లన్నీ చేసి పెట్టిన పలకే ప్రోటోటైపింగ్ బోర్డు.

ఏ ఏర్పాటైనా ఎవరో ఒకరు ఒక అవసరాన్ని తలుచుకొని చేసిందే. బోర్డు మీద ఎప్పుడూ వెలిగే ఎర్ర ఎల్‌ఈడీ, పాఠం నేర్చుకునే పిల్లవాడికి కరెంటు అందుతోందని చెబుతుంది. అదే ఎల్‌ఈడీ బ్యాటరీ మీద నడిచే పరికరంలో రాత్రింబవళ్లు ఖర్చు. యూఎస్‌బీ చిప్పు ల్యాబ్‌లో వరం, ఒకసారి ప్రోగ్రామ్ ఎక్కించి గట్టున పెట్టేసే పరికరంలో అనవసరం.

ఆర్డుయినో కథ చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 1990లలో మైక్రోకంట్రోలర్‌తో పని చేయాలంటే విడిగా ప్రోగ్రామర్ యంత్రం, చిప్పు లోపలి రిజిస్టర్ల పరిజ్ఞానం కావాలి. 1992లో పారలాక్స్ సంస్థ తెచ్చిన బేసిక్ స్టాంప్ ఆ కష్టాన్ని కొంత తగ్గించింది. ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో ఉన్న ఇంటరాక్షన్ డిజైన్ విద్యాసంస్థలో 2003లో ఎర్నాండో బరగాన్ తన పరిశోధనలో భాగంగా వైరింగ్ అనే వేదికను తయారు చేశాడు. ఆ దారిలోనే 2005లో మాసిమో బాంజీ, డేవిడ్ క్వార్తియెల్లెస్, టామ్ ఐగో, జాన్‌లూకా మార్తినో, డేవిడ్ మెల్లిస్ కలిసి ఆర్డుయినోను రూపొందించారు. వాళ్ల ఎదుట ఉన్నది ఇంజనీర్లు కాదు, ఎలక్ట్రానిక్స్ తెలియని డిజైన్ విద్యార్థులు. అందుకే తప్పు చేసినా త్వరగా పాడవని బోర్డు, కొన్ని వరుసల్లో ఎల్‌ఈడీ వెలిగించే భాష వచ్చాయి.

2010లో వచ్చిన ఆర్డుయినో ఊనో ఆ ఆలోచనకు స్థిరరూపం. అందులోని ఏటీమెగా328పీ చిప్పు ఏవీఆర్ కుటుంబానికి చెందింది. నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థుల ఆలోచనగా పుట్టిన కుటుంబం అది. వేగం 16 మెగాహెర్ట్జ్, ఫ్లాష్ 32 కిలోబైట్లు, ర్యామ్ 2 కిలోబైట్లు. ఈనాటి ఫోను పక్కన పెడితే ఈ అంకెలు కంటికి ఆనవు. కానీ ఊనోలో చిప్పు సాకెట్లో కూర్చుని ఉంటుంది. పాడైతే ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు. నేర్చుకునేవారి పట్ల అంత శ్రద్ధ చూపిన బోర్డులు తక్కువ.

కరెంటు ఎక్కడి నుంచి?

బోర్డు కొనేవారు తమను తాము మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. గోడ సాకెట్ నుంచి అడాప్టర్‌తో కరెంటు వస్తుందంటే చింత లేదు, ఏ బోర్డయినా నడుస్తుంది. బ్యాటరీ అయితే లెక్క మొదటి నుంచి మారిపోతుంది.

ఊనో ఏ పనీ చేయకుండా ఉన్నా దాదాపు 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. మనం పైన చెప్పుకున్న సెల్లు దానికి రెండు రోజులు రావడం కష్టం. అందులోని ఏటీమెగా చిప్పు తప్పు కాదిది. అదే చిప్పును 3.3 వోల్టుల మీద 8 మెగాహెర్ట్జ్‌తో నడిపే ప్రో మినీ బోర్డు తీసుకొని, దాని ఎల్‌ఈడీనీ రెగ్యులేటర్‌నూ తొలగించి నిద్రపుచ్చితే ఖర్చు కొన్ని మైక్రో ఆంపియర్లకు దిగుతుంది. ప్రో మినీ మీద యూఎస్‌బీ చిప్పే ఉండదు. ల్యాబ్‌లో విసుగు పుట్టించే ఆ లోపమే బ్యాటరీ పనిలో దాని గొప్ప గుణం.

ఈఎస్‌పీ32 విషయంలో చూడవలసినవి మూడు. మొదటిది, నిద్రలో రెగ్యులేటర్ ఖర్చు. రెండోది, రెగ్యులేటర్ తన పని చేయడానికి ఎంత అదనపు వోల్టేజి కోరుతుందన్నది. ఏఎంఎస్1117 లోపలికి వచ్చే వోల్టేజిలో 1.1 వోల్టుల వరకు తన దగ్గరే ఉంచుకుంటుంది. 3.3 వోల్టులు బయటికి రావాలంటే లోపలికి 4.4 కావాలి. పూర్తిగా చార్జయిన లిథియం సెల్లు ఇచ్చేదే 4.2. అంటే మొదటి రోజు నుంచే బోర్డు అరకొర వోల్టేజితో నడుస్తుంది, సెల్లు సగానికి రాకముందే అది కారణం లేకుండా రీసెట్ అవుతున్నట్టు కనిపిస్తుంది. ప్రోగ్రామ్‌లో తప్పు వెతుక్కుంటూ రాత్రులు గడిపే చాలామందికి అసలు కారణం ఇక్కడ ఉంటుంది. మూడోది, వైఫై కబురు పంపే క్షణంలో ఈఎస్‌పీ32 అడిగే కరెంటు. అది 240 మిల్లీ ఆంపియర్లకు చేరుతుంది. నిద్రలో పొదుపుగా ఉండే రెగ్యులేటర్లు కొన్ని ఈ క్షణికమైన భారాన్ని మోయలేవు. పొదుపూ బలమూ రెండూ ఉన్న రెగ్యులేటర్, లిథియం సెల్లు నేరుగా తగిలించే సాకెట్, ఆరని ఎల్‌ఈడీ లేని అమరిక ఉన్న బోర్డులు కొంచెం ఎక్కువ ధరకు దొరుకుతాయి. బ్యాటరీ పనికి ఆ అదనపు ధర పెట్టడమే లాభం.

తేల్చుకునే దారి ఒకటుంది. మల్టీమీటర్‌ను మిల్లీ ఆంపియర్లకు పెట్టి, బ్యాటరీ తీగకు వరసలో కలిపి, నిద్రలో ఉన్న బోర్డు ఎంత తీసుకుంటోందో చూడాలి. పెట్టె మీద రాసింది చిప్పు లెక్క. మీటరు చూపేది మన బోర్డు లెక్క.

ఐదు వోల్టులా, 3.3 వోల్టులా?

రెండో ప్రశ్న సెన్సర్ల గురించి. ఊనో ఐదు వోల్టుల బోర్డు. ఈఎస్‌పీ32, రాస్ప్‌బెర్రీ పై పికో 3.3 వోల్టులవి. మన దగ్గర ఎప్పటి నుంచో దొరికే సెన్సర్లలో చాలా భాగం ఐదు వోల్టుల కాలానివి.

ఇంటి మీది నీళ్ల ట్యాంకు సంగతి తీసుకుందాం. తెలుగు ఇళ్లలో ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తి ఉన్నవారు చాలామంది మొదట చేయాలనుకునే పని ఇది. ట్యాంకు నిండగానే మోటారు ఆగాలి, అడుగంటితే మళ్లీ తిరగాలి. నీటి మట్టం కొలవడానికి ఎక్కువమంది హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే అల్ట్రాసోనిక్ సెన్సర్ వాడతారు. మూత దగ్గర కూర్చుని అది మన చెవికి అందని ధ్వనిని కిందికి వదులుతుంది, నీటిని తాకి వెనక్కు రావడానికి పట్టిన సమయాన్ని ఒక పిన్ను మీద చూపిస్తుంది. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు. కాబట్టి ఒక్కో సెంటీమీటరుకు రానూపోనూ 58 మైక్రోసెకన్లు. నీరు మీటరు లోతున ఉంటే జవాబు 5.8 మిల్లీసెకన్లలో వస్తుంది. ఊనోకు ఇది చాలా తీరికైన పని.

చిక్కు వేగంలో లేదు. ఆ సెన్సర్ జవాబు చెప్పే ఎకో పిన్ను ఐదు వోల్టులు పంపుతుంది. ఊనోకు అది సహజం. ఈఎస్‌పీ32 పిన్నుకు అది హద్దు దాటిన వోల్టేజి. వెంటనే పాడవకపోవచ్చు, కొన్నాళ్లు బాగానే నడిచి ఒకనాడు ఆ పిన్ను పలకడం మానేయవచ్చు. మందు సులువే. 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండింటిని వరసలో కలిపి, వాటి మధ్య నుంచి తీగ తీస్తే ఐదు వోల్టులు 3.3కి దిగుతాయి. సమస్య ఉందని ముందు తెలియడమే ముఖ్యం.

ఎల్‌ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్ ఇంకో రకం ఇబ్బంది పెడుతుంది. అది పనిచేయడానికి కనీసం 4 వోల్టులు కావాలి. 3.3 వోల్టుల పిన్ను నుంచి కరెంటిస్తే అది చెప్పే అంకెను నమ్మలేం. ఊనోతో మాత్రం దానికి చక్కగా కుదురుతుంది. ఎల్‌ఎం35 ఒక్కో డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఊనో ఐదు వోల్టులను 1024 మెట్లుగా విడగొట్టి చదువుతుంది కాబట్టి ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు, అంటే అర డిగ్రీ. గది ఉష్ణోగ్రతకు అది చాలు. ఈఎస్‌పీ32 4096 మెట్లు చూపిస్తుంది, అంకె పెద్దదే. అయితే కొలత పరిధి రెండు అంచుల దగ్గర దాని రీడింగు వంకర పోతుంది. మెట్లు ఎన్నైనా అవి సమానంగా లేకపోతే కొలతకు విలువ తగ్గుతుంది.

పిన్నుల బలం కూడా ఇక్కడే చూసుకోవాలి. ఊనో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్ల వరకు నిశ్చింతగా తీసుకోవచ్చు. పికో పిన్నును 12 మిల్లీ ఆంపియర్ల స్థాయి వరకే అమర్చుకోగలం. ఐదు వోల్టుల చిన్న రిలే కాయిల్‌కు 70 మిల్లీ ఆంపియర్లు కావాలి. కాబట్టి రిలేను ఏ బోర్డు పిన్నుకూ నేరుగా కలపకూడదు, మధ్యలో ట్రాన్సిస్టర్ ఉన్న రిలే మాడ్యూల్ వాడాలి. ఆ చిన్న రిలేతో కూడా మోటారును నేరుగా నడపకూడదు. మోటారు కదిలే క్షణంలో మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది, రిలే పాయింట్లు అతుక్కుపోతాయి. అప్పుడు ట్యాంకు నిండినా మోటారు ఆగదు. రిలే చేత కాంటాక్టర్‌నో స్టార్టర్‌నో ఆడించి, అది మోటారును నడిపేలా చేయాలి. 230 వోల్టుల వైపు పనిని ఎలక్ట్రీషియన్‌తో చేయించాలి. ప్రాణం కన్నా ప్రాజెక్టు పెద్దది కాదు.

కబురు ఎంత దూరం పోవాలి?

ట్యాంకు నిండగానే మోటారు ఆగితే చాలు, ఫోనుకు చెప్పనక్కర లేదనుకుంటే వైఫై ఉన్న బోర్డు అవసరమే లేదు. ఊనో సరిపోతుంది. అల్ట్రాసోనిక్ సెన్సర్ బదులు రెండు ఫ్లోట్ స్విచ్‌లు పెడితే ట్యాంకులోని ఆవిరి తడికి సెన్సర్ పాడయ్యే బాధ కూడా తప్పుతుంది. ఇంత తేలికైన పరిష్కారం ఎదురుగా ఉన్నప్పుడు పెద్ద బోర్డు తెచ్చి ఇంటర్‌నెట్‌కు కలిపితే, పాడయ్యేందుకు నాలుగు కొత్త దారులు తెరిచినట్టే.

కబురు కావాలంటే ఈఎస్‌పీ కుటుంబం ముందుంటుంది. షాంఘైలోని ఎస్‌ప్రెసిఫ్ సంస్థ 2014లో తెచ్చిన ఈఎస్‌పీ8266, అభిరుచి కోసం పనిచేసేవారికి వైఫైని కొన్ని వందల రూపాయలకే అందించింది. 2016లో వచ్చిన ఈఎస్‌పీ32లో రెండు కోర్లు, 240 మెగాహెర్ట్జ్ వేగం, 520 కిలోబైట్ల ర్యామ్, వైఫైతో పాటు బ్లూటూత్ ఉన్నాయి. ఆ ధరకు ఇంత ఇచ్చిన బోర్డు అంతకు ముందు లేదు.

దాని మర్యాదలు కూడా తెలుసుకోవాలి. ఈఎస్‌పీ32లో అనలాగ్ వోల్టేజి కొలిచే విభాగాలు రెండు. వైఫై నడుస్తుండగా రెండో విభాగం పిన్నులతో కొలవలేం. నేల తేమ సెన్సర్‌ను ఆ పిన్నుకు కలిపి, వైఫై లేనప్పుడు బాగా పనిచేసింది, కలపగానే ఎందుకు ఆగిందని తలపట్టుకునేవారు ఎందరో. 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నులు లోపలికి తీసుకోవడానికే, వాటితో ఎల్‌ఈడీ వెలిగించలేం. 12వ పిన్ను బోర్డు మేలుకునే క్షణంలో ఎక్కువ వోల్టేజిలో ఉంటే మామూలు మాడ్యూల్ అసలు మొదలే కాదు. మరికొన్ని పిన్నులు మేలుకునే క్షణంలో తమంతట తాము ఒకసారి పలుకుతాయి. వాటిలో దేనికైనా రిలే కలిపితే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మోటారు ఒకసారి ఉలిక్కిపడుతుంది. కరెంటు కోతలున్న చోట ఇది చిన్న విషయం కాదు.

ఇంకొకటి, ఈఎస్‌పీ32కు వినిపించేది 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే పెట్టుకున్న ఇంట్లో అది ఎంత వెతికినా నెట్‌వర్క్ కనిపించదు.

తోట పెరట్లో కాక ఊరి బయట ఉంటే వైఫై అందదు. అప్పుడు లోరా పద్ధతి కావాలి. తక్కువ సమాచారాన్ని తక్కువ శక్తితో కిలోమీటర్ల దూరం పంపే రేడియో పద్ధతి అది. మన దేశంలో ఇలాంటి పనులకు లైసెన్సు లేకుండా అనుమతించిన 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ పట్టీకి సరిపడే మాడ్యూలే కొనాలి. ఈ కబురు కొన్ని బైట్లే కాబట్టి దాని వెనుక పెద్ద ప్రాసెసర్ అక్కర లేదు. నిద్రపుచ్చిన ప్రో మినీతో కూడా లోరా పరికరం చక్కగా నడుస్తుంది.

మైక్రోసెకన్ల పని

ఇంతవరకు చెప్పుకున్నవన్నీ తీరికైన పనులు. కొన్ని పనుల్లో సమయమే సర్వస్వం. పండగ అలంకరణకు వాడే రంగులు మారే ఎల్‌ఈడీ పట్టీలు చూడండి. వాటిలో చాలావాటిలో ఉండేది డబ్ల్యూఎస్2812 రకం ఎల్‌ఈడీ. ఒకే తీగ మీద వచ్చే సంకేతాన్ని చదివి, తన రంగు తాను తీసుకొని, మిగిలింది పక్క ఎల్‌ఈడీకి దాటిస్తుంది. ఒక్కో ఎల్‌ఈడీకి 24 బిట్లు, ఒక్కో బిట్‌కు 1.25 మైక్రోసెకన్లు. ఆ వ్యవధిలో సంకేతం ఎంతసేపు పైన ఉందన్నదాన్ని బట్టే అది సున్నానా ఒకటా అన్నది తేలుతుంది.

16 మెగాహెర్ట్జ్ ఊనోకు ఒక బిట్ సమయంలో దొరికేవి 20 గడియార స్పందనలు. అది చేయగలదు, చేస్తుంది కూడా. కానీ ఆ సేపు దానికి మరో లోకం ఉండదు. 500 ఎల్‌ఈడీలకు రంగులు పంపడానికి 15 మిల్లీసెకన్లు పడుతుంది. అంతసేపూ మిగతా సంకేతాలకు చెవులు మూసుకోవాల్సిందే. రంగులు దాచడానికి ఎల్‌ఈడీకి 3 బైట్ల చొప్పున 1500 బైట్లు పోతాయి. ఉన్న 2048లో మిగిలేది 548. ఇక్కడ ఊనో హద్దు కనిపిస్తుంది.

2021 జనవరిలో 4 డాలర్ల ధరకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. దాని ఆర్‌పీ2040 చిప్పులో 133 మెగాహెర్ట్జ్ వరకు నడిచే రెండు కోర్లు, 264 కిలోబైట్ల ర్యామ్ ఉన్నాయి. అంతకన్నా విశేషం అందులోని పీఐఓ విభాగం. చిన్న చిన్న ఆదేశాలను గడియారం తప్పకుండా అమలు చేసే స్టేట్ మెషీన్లు ఎనిమిది అందులో ఉంటాయి. పిన్ను మీద సంకేతాలు పంపే పనిని వాటికి అప్పగిస్తే ప్రధాన కోర్లు తమ పనిలో ఉండవచ్చు. ఇంటావిడ చుట్టాలతో మాట్లాడుతుంటే పొయ్యి మీది పాలను చూసుకోవడానికి వంటింట్లో వేరే మనిషి ఉన్నట్టు. పికోకు మాత్రం వైఫై లేదు. అది కావాలంటే 2022లో వచ్చిన పికో డబ్ల్యూ కొనాలి. 2024లో వచ్చిన పికో 2లో ర్యామ్ 520 కిలోబైట్లకు పెరిగింది.

పికోకూ అసలు రాస్ప్‌బెర్రీ పైకీ పేరు కలిసినా జాతి వేరు. రాస్ప్‌బెర్రీ పై లైనక్స్ నడిపే పూర్తి కంప్యూటర్. కెమెరా చిత్రంలో ముఖం గుర్తించాలన్నా, డేటాబేస్ నడపాలన్నా అదే కావాలి. కానీ లైనక్స్ ఒకేసారి వంద పనులు పంచుకుంటూ నడుస్తుంది, ఫలానా మైక్రోసెకన్‌కు పిన్ను మారుతుందని మాట ఇవ్వలేదు. కరెంటు పోయి వస్తే మేలుకోవడానికి సమయం పడుతుంది, రాస్తుండగా కరెంటు పోతే మెమరీ కార్డు పాడవుతుంది. మైక్రోకంట్రోలర్‌కు ఆ బెంగ లేదు, కరెంటు రాగానే క్షణాల్లో తన పని అందుకుంటుంది. మోటారును కాపలా కాసే పనికి ఆ గుణమే కావాలి.

వేగం, మెమరీ ఎప్పుడు చూడాలి?

వేగమూ మెమరీ అనవసరమని నేను అనడం లేదు. వాటి వంతు చివర వస్తుందంటున్నాను. ట్యాంకు ప్రోగ్రామ్‌కు గుర్తుంచుకోవాల్సినవి నీటి మట్టం, మోటారు స్థితి, ఎంతసేపటి నుంచి తిరుగుతోందన్న లెక్క. పది ఇరవై బైట్ల పని. 2 కిలోబైట్లు దానికి విశాలమైన ఇల్లు. అదే ఫోనులో తెరుచుకునే చిన్న వెబ్ పేజీని బోర్డే అందించాలంటే, రంగుల తెర మీద బొమ్మ గీయాలంటే, మైక్ నుంచి శబ్దం తీసుకోవాలంటే వందల కిలోబైట్లు కావాలి.

భాష కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. 2013లో డేమియన్ జార్జ్ ప్రజల విరాళాలతో మొదలుపెట్టిన మైక్రోపైథాన్ వల్ల పైథాన్ తెలిసిన విద్యార్థి నేరుగా బోర్డుతో మాట్లాడగలుగుతున్నాడు. కానీ దానికి ఊనోలోని 2 కిలోబైట్లు చాలవు. పైథాన్‌తోనే మొదలుపెట్టాలనుకునేవారికి పికో మంచి తోడు. బటన్ నొక్కి యూఎస్‌బీ తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, ఫైలును లాగి అందులో వేస్తే చాలు.

కొట్టు దగ్గర

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, కొన్ని జాగ్రత్తలు ఒకటే. ఆర్డుయినో తన బోర్డు పటాలను అందరికీ అందుబాటులో ఉంచింది కాబట్టి ఊనోకు నకళ్లు న్యాయంగానే తయారవుతాయి. వాటిలో చాలావాటిలో యూఎస్‌బీ కోసం సీహెచ్340 చిప్పు ఉంటుంది. ల్యాప్‌టాప్ బోర్డును గుర్తించకపోతే ముందు దాని డ్రైవర్ వేసి చూడాలి. అంతకన్నా ముందు కేబుల్ మార్చి చూడాలి. ఫోను చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో సమాచారం మోసే తీగలే ఉండవు.

బ్లూ పిల్ అని పిలిచే చవక బోర్డు ఒకటుంది. దాని మీద ఉండాల్సింది 72 మెగాహెర్ట్జ్ ఎస్‌టీఎం32 చిప్పు, 20 కిలోబైట్ల ర్యామ్. మార్కెట్లో దొరికే వాటిలో కొన్నింటి మీద ఉండేది అనుకరణ చిప్పు. అనుభవమున్నవారికి అది మంచి బోర్డే. మొదటి బోర్డుగా మాత్రం వద్దు. తప్పు తన ప్రోగ్రామ్‌దో చిప్పుదో కొత్తవారికి తెలియదు.

మన దేశంలో రూపొందిన బోర్డులు కూడా ఇప్పుడు వరసలో ఉన్నాయి. సీ-డాక్ సంస్థ వేగా ప్రాసెసర్ల కుటుంబంలోని తేజస్32 చిప్పుతో ఏరీస్ బోర్డులు తెచ్చింది. రిస్క్-ఫైవ్ అనే స్వేచ్ఛాయుత నిర్దేశంపై ఆధారపడి, 100 మెగాహెర్ట్జ్‌తో, ఆర్డుయినో తరహాలో ప్రోగ్రామ్ చేసుకునేలా వాటిని రూపొందించారు. ప్రాసెసర్ నిర్మాణం మీద ఆసక్తి ఉన్న ఇంజనీరింగ్ విద్యార్థులు వీటిని చేతికి తీసుకోవాలి. ఏ కొత్త బోర్డు విషయంలోనైనా ఒక పని తప్పకుండా చేయాలి. మనం వాడబోయే సెన్సర్‌కు ఆ బోర్డు మీద నడిచే లైబ్రరీ, అంటే ముందే రాసి పెట్టిన ప్రోగ్రామ్ భాగం, ఉందో లేదో కొనే ముందే చూసుకోవాలి. అది లేకపోతే ప్రాజెక్టు కన్నా లైబ్రరీ రాయడానికే ఎక్కువ రోజులు పడతాయి.

మొదటి బోర్డు ఏది?

అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశవ్యాప్తంగా పది వేల బడుల్లో టింకరింగ్ ల్యాబ్‌లు వచ్చాయి. ఒక్కో బడికి 20 లక్షల రూపాయల వరకు సాయం అందే పథకమది. తెలుగు రాష్ట్రాల్లో కూడా ఆరో తరగతి పిల్లల చేతుల్లోకి ఈ బోర్డులు చేరుతున్నాయి. హైదరాబాద్‌లో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్ ప్రోటోటైపింగ్ కేంద్రం వంటి చోట పెద్దలు కూడా తమ ఆలోచనకు రూపమిచ్చుకోవచ్చు. ఇలాంటి చోట్ల మొదటి బోర్డు విషయంలో నా సలహా సూటిగా ఇదీ. పదేళ్ల పిల్లలకు మైక్రోబిట్ ఇవ్వండి. బ్రిటన్‌లో 2016లో దాదాపు పది లక్షల మంది బడిపిల్లలకు ఉచితంగా పంచిన బోర్డు అది. తెర, బటన్లు, కదలిక గుర్తించే సెన్సర్ అన్నీ దాని మీదే ఉంటాయి, తీగ కలపకుండానే పాఠం మొదలవుతుంది. హైస్కూలు పిల్లలకు, ఎలక్ట్రానిక్స్ కొత్తగా నేర్చుకునే పెద్దలకు ఊనో. తప్పులను అది ఓర్చుకుంటుంది. పైథాన్ వచ్చినవారికి పికో. ఫోనుతో కలిసే పని మనసులో ఉండి, వోల్టేజి సంగతి తెలిసినవారికి ఈఎస్‌పీ32.

రెండో బోర్డు నుంచి సలహాలు అడగడం మానేసి కాగితం తీసుకోవాలి. కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, బ్యాటరీ అయితే ఎన్నాళ్లు రావాలి. సెన్సర్లు ఏ వోల్టేజివి. కబురు ఎవరికి, ఎంత దూరం. ఏ పనికి ఎంత కచ్చితమైన సమయం కావాలి. కరెంటు పోయి వస్తే ఏ పిన్ను ఏ స్థితిలో ఉండాలి. ఈ ప్రశ్నలకు జవాబులు రాశాక వాటిలో అస్సలు రాజీపడలేని దాని కింద గీత గీయాలి. ఆ గీత దాటలేని బోర్డులను పక్కన పెట్టగా మిగిలినవాటిలో చవకైనదీ, చుట్టుపక్కల తెలిసినవారు వాడుతున్నదీ కొనాలి.

బడి ల్యాబ్‌లకు బోర్డులు కొనే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పది బోర్డులకు సరిపడే డబ్బుంటే తొమ్మిదే కొని, మిగిలినదాంతో మంచి మల్టీమీటర్ తీసుకోండి. బోర్డు ఎంత కరెంటు తీసుకుంటోందో, పిన్ను మీద ఎన్ని వోల్టులున్నాయో తన చేత్తో కొలిచి చూసిన పిల్లవాడు పెట్టె మీది అంకెలకు లొంగడు. రేపు ఏ కొత్త బోర్డు వచ్చినా దాన్ని తన పని ముందు నిలబెట్టి ప్రశ్నించగలడు.